వెనకాల ఏమీ రాయని ఫొటో

థియా వాళ్ల నాన్న విల్లర్డ్ కోర్కమ్‌కి తాగుడు లేదు, పేకాట లేదు, ఇరుగుపొరుగుతో తగువుల్లేవు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంటిల్లిపాదీ సర్దుకుపోయేవారు. ఆయనకున్నది ఇంకో అలవాటు. ఆ రోజు తీసిన ప్రతి ఫొటో ఏ లెన్సుతో తీశాడో, అపెర్చర్, అంటే లెన్సు కన్ను, ఎంత తెరిచాడో, షట్టర్ వేగం ఎంతో భోజనాల బల్ల దగ్గర చదివి వినిపిస్తాడు. ప్లేట్లలో చేప చల్లారిపోతుంటుంది. మబ్బు ఎప్పుడు అడ్డొచ్చిందో, అప్పుడు తను ఏం మార్చాడో చెప్పాక గానీ ఆయన ఫోర్కు ముట్టుకోడు.

సముద్రం ఒడ్డున లునెన్‌బర్గ్ ఊళ్లో ఆయన కెమెరా క్లబ్బు ఒకటి నడుపుతున్నాడు. క్లబ్బు నియమం ఆయన పెట్టిందే: ప్రదర్శనకి తెచ్చే ప్రతి ఫొటో వెనకా ఆ వివరాలన్నీ పెన్సిల్‌తో రాయాలి. రాయకపోతే ఫొటో గోడెక్కదు. చర్చి కింది హాల్లో, గుమ్మం పక్కన బల్ల వేసుకుని ఆ నియమాన్ని అమలుపరిచేది థియా.

వాన దంచేస్తున్న ఒక సాయంత్రం, ఆర్లెన్ నికిల్ పసుప్పచ్చ రెయిన్‌కోటు లోపల ఫొటో దాచుకుని వచ్చాడు. స్కాలప్ గుల్లలు పట్టే పడవల మీద పనిచేస్తాడు. హాలంతా తడిచేసి, ఫొటో మాత్రం పొడిగా అందించాడు.

థియా ఫొటో తిరగేసింది. "వెనకాల ఏమీ రాయలేదే?"

"రాశానుగా. 'పొద్దున, చలి' అని."

"అది వాతావరణం. అపెర్చర్ ఎంత?"

"గుర్తులేదు."

"షట్టర్?"

"నొక్కితే టక్కుమంది."

థియా ఫొటో ముందువైపు చూసింది. పొగమంచులోంచి పడవ ముక్కు ఒక్కటే బయటికొస్తోంది, ఎవరో నిద్రలోంచి తల ఎత్తినట్టు. చాలా బాగుంది. అందుకే ఆమెకి ఇంకాస్త ఒళ్లు మండింది.

"పాట పాడినవాణ్ని ఎక్కడెక్కడ ఊపిరి పీల్చావని అడుగుతామాండీ?" అన్నాడు ఆర్లెన్.

"మళ్లీ అలాగే పాడాలనుకుంటే అడగాలి."

"ఆ పొగమంచు మళ్లీ అలాగే వస్తుందా?"

జవాబు తోచనప్పుడు నియమం చెప్పడం కోర్కమ్‌ల ఇంటి పద్ధతి. "నియమం ఒప్పుకోదు" అని థియా ఫొటో పక్కన పెట్టేసింది. ఆర్లెన్ కోపం తెచ్చుకోలేదు. మళ్లీ నెల ఇంకో ఫొటో తెచ్చాడు. వెనకాల 'గాలి ఎక్కువ' అని ఉంది. ఆ పై నెల 'ఆకలి వేస్తోంది' అని. మూడోది చదివాక థియా నవ్వు ఆపుకోవడానికి దగ్గాల్సి వచ్చింది.

దగ్గుకి మందంటూ అతను ఇంటికి తేనె సీసా తెచ్చాడు. అలా రాకపోకలు మొదలయ్యాయి.

ఆ ఇంట్లో ఇంకో సమస్య ఉంది, థియా నానమ్మ ఐడెల్లా. ఆవిడకి తొంభై నిండాయి. ఆవిడ నవ్వుతున్న ఫొటో మచ్చుకి ఒక్కటి కూడా లేదు. కొడుకు వెలుతురు కొలిచే మీటరు తెచ్చి గడ్డం కింద పెట్టేసరికి ఆవిడ మొహం దంతవైద్యుడి కుర్చీలో కూర్చున్నట్టు అయిపోయేది. ఆయన స్టాండు బిగించేలోపు లేచి వెళ్లిపోయేది కూడా. మొన్న చలికాలంలో జబ్బు చేసి తేరుకున్నాక విల్లర్డ్‌కి దిగులు పట్టుకుంది. అమ్మ నవ్వు ఒక్కటైనా దక్కించుకోవాలని పైకి అనడు గానీ, స్టాండు మాత్రం ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకునేవాడు.

ఆగస్టులో ఓ రోజు వంటింట్లో క్రీమ్ పోసి వండే హాడ్జ్‌పాడ్జ్ కూర కోసం కొత్త బంగాళాదుంపలు ఒలుస్తున్నారు. బయట వాన, లోపల చీకటి. థియా పొయ్యి దగ్గర ఉంది. ఆర్లెన్ నానమ్మ పక్కన చేరి, దుంపలు ఒలుస్తూ, పడవ మీద కొత్త వంటవాడు క్రీమ్ అనుకుని కూరలో షేవింగ్ నురగ కలిపిన కథ చెప్పాడు. నానమ్మ పగలబడి నవ్వింది. ఆర్లెన్ కత్తి కింద పెట్టడం, కెమెరా ఎత్తడం, రీలు ముగించడం ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. విల్లర్డ్ అప్పుడు పెరట్లో గొడుగు కింద స్టాండు బిగిస్తున్నాడు.

రెండు రోజుల తరవాత ఆర్లెన్ ఆ రీలు తెచ్చి కోర్కమ్‌ల నేలమాళిగలోని డార్క్‌రూమ్‌లో థియా చేతికిచ్చాడు. క్లబ్బు వాళ్ల రీళ్లన్నీ కడిగేది ఆమే.

"ఫిల్మ్ స్పీడు ఎంత పెట్టి తీశావు?" అంది థియా.

"డబ్బా మీద నాలుగు వందలనే కదా ఉంది."

"ఆ చీకట్లో నాలుగు వందల మీద తీస్తే అన్నీ కదిలిపోయి ఉంటాయి. డయల్ తిప్పి స్పీడు పెంచావా?"

ఆర్లెన్ మొహం పాలిపోయింది. "తిప్పానేమో. తిప్పలేదేమో. తరవాత ఇంకో రీలు వేసి డయల్ మార్చేశాను. థియా, నిజంగా గుర్తులేదు."

డయల్ తిప్పి ఉంటే ఫిల్మ్‌ని మందులో ఎక్కువసేపు ఉంచాలి, లేకపోతే బొమ్మ నీడలాగా కూడా మిగలదు. తిప్పకుండా ఎక్కువసేపు ఉంచితే నానమ్మ తెల్ల జుట్టు, మొహం కలిసిపోయి సుద్దముద్ద అవుతుంది. చివరి ముక్క కత్తిరించి కడిగి చూడొచ్చు. ఆ కత్తిరింపు సరిగ్గా నవ్వు మీదే పడితే?

"అంకె రాయలేదంటే డబ్బా మీది అంకె ప్రకారం కడగాలి," అన్నాడు విల్లర్డ్ గుమ్మంలో నిలబడి. "ఇది మా అమ్మ సంగతి. ఊహ మీద కడగనివ్వను."

"ఊహ కాదు నాన్నా. పదహారు వందలు పెట్టాడు."

"ఎవరు రాశారు?"

"ఎవరూ రాయలేదు. నేను చూశాను." థియా రీలు వైపే చూస్తూ చెప్పింది. "నేను క్రీమ్ జగ్గు అందిస్తుంటే బొటనవేలితో తిప్పాడు. అపెర్చర్ పూర్తిగా తెరిచాడు, షట్టర్ అరవై. మోచేతులు బల్ల మీద ఆనించాడు. జుట్టు కళ్లలో పడితే ఊదుకున్నాడు. నొక్కే ముందు కింది పెదవి కొరుక్కుంటాడు, ప్రతిసారీ."



విల్లర్డ్ కూతుర్ని చూశాడు, ఆర్లెన్‌ని చూశాడు. "పాడైతే నన్నడగొద్దు," అని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

తలుపు మూసి, దీపం ఆర్పి, థియా రీలును కడిగే డబ్బాలోకి ఎక్కించింది. దీపం వేసి, మందు పోసి, డబ్బా అటూ ఇటూ తిప్పుతుంటే ఆర్లెన్ నెమ్మదిగా అన్నాడు, "మధ్యాహ్నమంతా నన్నే చూస్తున్నావా?"

"నిన్ను కాదు. కెమెరాని."

"కెమెరా పెదవి కొరుక్కుంటుందా?"

"మాట్లాడకు. టైము తప్పుతాను."

ఊరుకోవడం అతనికి చేతకాని పని. "ఆ రీల్లో చివరి రెండూ నానమ్మవి కావు."

"మరెవరివి?"

"కడిగాక చూద్దువుగాని. ఇంకో మాట. ఈ రోజు నువ్వు లేకపోతే నానమ్మకి నా మొహం చూపించగలిగేవాణ్ని కాదు. ఇకమీదట అన్నీ రాస్తాను."

"'పొద్దున, చలి' కూడా రాయి," అంది థియా. "అవి తీసేస్తే ఊరుకోను."

సాయంత్రానికి ఫిల్మ్ ఆరింది. విల్లర్డ్ ఎవరూ పిలవకుండానే కిందికొచ్చాడు. ఎర్రదీపం కింద మొదటి కాగితం మందులో వేసింది థియా. తెల్లటి కాగితం మీద ముందు బల్ల అంచు కనబడింది, తరవాత దుంపల తొక్కలు, తరవాత నానమ్మ. కళ్లు మూసుకుని, పళ్లన్నీ బయటపెట్టి, చేతిలో కత్తి గాల్లో ఉండగా నవ్వుతోంది. జుట్టు ఏ పోగుకాపోగు తెలుస్తోంది. విల్లర్డ్ కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

రీల్లో చివరిది తనే వేసి చూశాడు. పొయ్యి దగ్గర థియా, చేతిలో క్రీమ్ జగ్గు. కెమెరా కంటే కాస్త పైకి, కెమెరా పట్టుకున్న మనిషి కళ్లలోకి చూస్తోంది. ఆ చూపు ఎటువంటిదో ఏ మీటరూ కొలవక్కర్లేదు.

ఆర్లెన్ పెన్సిల్ అడిగి తీసుకుని, ఫిల్మ్ కవరు మీద పదహారు వందలు, అరవై, అన్నీ వరసగా రాశాడు.

"రేపు భోజనానికి రావోయ్," అన్నాడు విల్లర్డ్. "చేప. కాస్త పెందలాడే రా, చల్లారకుండా తిందాం." తరవాత గొంతు సవరించుకుని, ఆరేసిన ఫిల్మ్‌తో చెబుతున్నట్టు గొణిగాడు. "నాదే పొరపాటు."

తలుపు అవతల్నుంచి థియా వాళ్లమ్మ లియోటా గొంతు వచ్చింది. టీ తెచ్చి, లోపల పని అయ్యేదాకా బయట ఆగినట్టుంది. "ఏమిటీ? తలుపు అడ్డంగా ఉంది, సరిగ్గా వినబడలేదు."

"ఏం లేదు లియోటా."

"నానమ్మ కూడా ఇక్కడే ఉంది. ఆవిడకసలే చెవుడు."

విల్లర్డ్ కూతురి వైపు చూశాడు. ఆమె చేయి ఆర్లెన్ చేతిలో ఉంది, ఎర్ర వెలుతుర్లో కనబడదనుకుంటున్నారు ఇద్దరూ.

"నాదే పొరపాటు అన్నాను," అన్నాడు, ఈసారి నేలమాళిగంతా వినబడేలా. "నా కూతురు చెప్పిందే నిజం. పొరబడింది నేను."