పురుగు కొరికిన ఆకు

పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఇంద్రాణి కంప్యూటరు ముందు కూర్చుంది. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఆ వేళకి ఏ గుమ్మంలో చూసినా డ్యూటీకి వెళ్ళేవాళ్ళ హడావిడే. కొడుకు కార్తికేయ ఆఫీసు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కోడలు రష్మిత తల దువ్వుకుంటోంది. ఇంద్రాణి మాత్రం తెర మీద ఆఖరి ఆకు పక్కన పేరు రాసి, కొలత గీత గీసి, వెనక్కి వాలి తృప్తిగా చూసుకుంది.

ఆమె రైల్వే స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయింది. తర్వాత చేతులు వణకడం మొదలై, కుంచె పట్టడమే మానేసింది. భర్త పోయాక ఇల్లు మరీ బోసిపోయింది. రష్మిత ఊరి పక్కనే హిజ్లీలో ఉన్న కాలేజీ క్యాంపస్‌లో పరిశోధన చేస్తోంది. బొగ్గు గనుల దగ్గర రాళ్ళలో అచ్చుపడిపోయిన ఆకులు ఆమె చదువు. ఓరోజు ఆమే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి కంప్యూటర్లో వేసి, "అత్తయ్యా, ఈ ఫొటోలు కత్తిరించి, వెలుతురు సరిచేసి, పేర్లు రాసి పెడతారా?" అని అడిగింది. బొమ్మను పెద్దది చేసుకుని గీస్తే చేయి వణికినా గీత వంకరపోదని ఇంద్రాణి కనిపెట్టింది. అప్పట్నించి ఆమెకి మధ్యాహ్నపు నిద్ర కూడా అక్కర్లేకపోయింది.

"అయిపోనాయి రష్మితా. సూడు, ఒక్కో ఆకు ఎంత నిండుగా ఉందో!"

రష్మిత నవ్వుతూ వచ్చి వంగి చూసింది. ఒక ఫొటో, ఇంకో ఫొటో. నవ్వు ఆగిపోయింది.

"అత్తయ్యా, ఈ అంచులు ఇలా ఎందుకున్నాయి? ఇక్కడ గాట్లుండాలి. మచ్చలుండాలి. ఏవీ?"

"సిరిగిపోయి మాసిపోయి అసయ్యంగా ఉంటేనూ, బాగు చేసినాను."

"బాగు చేశారా!" రష్మిత కేకేసినంత పని చేసింది. "సాయంత్రానికి వీటిని మా గైడ్‌కి పంపాలి. రాళ్ళు కలకత్తా మ్యూజియంకి తిరిగి వెళ్ళిపోయాయి. కెమెరాలో ఒక్క ఫొటో లేదు, తుడిచేశాను. పాత ఫొటోల పేర్లతోనే వీటిని సేవ్ చేసేశారు, అవీ చెరిగిపోయాయి. ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

ఇస్త్రీపెట్టె వదిలేసి కార్తికేయ పరుగెత్తుకొచ్చాడు. "ఏటయింది?"

"నా మూడేళ్ళ పని పోయింది. నాది తప్పు. వాళ్ళకీ వీళ్ళకీ ఇవ్వకుండా నేనే చేసుకోవలసింది."

"వాళ్ళకీ వీళ్ళకీ ఏటి రష్మీ? అమ్మకి టైంపాస్ అవుద్దని నువ్వే కదా ఇచ్చినావు! పోనీలే, నెమ్మదిగా మాటాడు."

భార్యను సముదాయిద్దామనే అన్నాడు కార్తికేయ. ఆ మాట మాత్రం తిన్నగా వెళ్ళి తల్లికి తగిలింది. టైంపాస్. ఇంద్రాణి కోడలి ముఖంలోకి చూసింది. రష్మిత తల తిప్పుకుంది.

ఇంద్రాణి లేచి, కళ్ళజోడు తీసి కీబోర్డు పక్కన పెట్టి, పెరటి వరండాలోకి వెళ్ళిపోయింది. నాకు పని ఇచ్చింది అనుకున్నాను, ఊరుకోబెట్టడానికి పిల్లలకి క్రేయాన్లు ఇచ్చినట్టు ఇచ్చిందన్నమాట, అనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దానికన్నా బాధ, ఆ పిల్ల చదువు తన చేతుల మీదుగా పాడైపోయిందని. సాలువాలో ఉన్న చెల్లెలు నాగవల్లి ఇంటికి పోయి కొన్నాళ్ళుంటే మేలేమో అనుకుంది.

లోపల మొగుడూ పెళ్ళాల మాటలు కాసేపు గట్టిగా వినిపించి, తగ్గాయి. తర్వాత రష్మిత వచ్చింది. కుర్చీ ఉన్నా కూర్చోలేదు, అత్తగారి పక్కన మెట్టు మీద కూర్చుంది.

"క్షమించండి అత్తయ్యా. వాళ్ళకీ వీళ్ళకీ అని నేను అనాల్సింది కాదు. ఆయన అన్నదీ అబద్ధం కాదు. మొదట్లో మీకు పొద్దుపోతుందనే ఇచ్చాను. తర్వాత మీరే చేస్తే బాగుంటుందని ఇచ్చాను. కానీ ఆ ఆకుల్లో ఏం చూస్తున్నానో మీకు ఒక్కరోజూ చెప్పలేదు."

"ఇప్పుడు సెప్పు. ఆ సిరుగులేటి?"

"చిరుగులు కావు. ఇరవై ఐదు కోట్ల ఏళ్ళ క్రితం పురుగులు కొరికిన గాట్లు. ఆ పురుగులు రాళ్ళలో మనకి దొరకలేదు. అవి తిన్న గుర్తులే మిగిలాయి. నా చదువంతా వాటి మీదే."

ఇంద్రాణి గబుక్కున కోడలి వైపు తిరిగింది. "అయ్యో తల్లీ! అవే కప్పెట్టీసినానా!"

"పోనివ్వండి. గైడ్‌కి నిజం చెప్పి గడువు అడుగుతాను. కలకత్తా వెళ్ళి మళ్ళీ తీసుకుంటాను. రాళ్ళు ఎప్పుడిస్తారో..." రష్మిత చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

"ఉండు. కప్పెట్టినాను గానీ గీకలేదు కదా. పైన పూసిన రంగు తీసీస్తే సాలదా?"

"రంగా? రబ్బరుతో తుడిచేయలేదా మీరు?"

"రబ్బరెందుకు? రాయి రంగు కలిపి పైన పూసినాను. నువ్వు అక్షరాలకి బొమ్మ మీద ట్రేసింగ్ కాయితంలాగ వేరే పొర పెట్టమన్నావు కదా. రంగుకీ ఇంకో పొర పెట్టుకున్నాను. నప్పకపోతే తీసీడానికి."

రష్మిత లేచిన విసురుకి చున్నీ మెట్టు మీదే ఉండిపోయింది. "పొరలున్న ఫైళ్ళు ఉంచారా?"

"నువ్వు పారెయ్యమనలేదు కదా!"

ఇద్దరూ కంప్యూటరు దగ్గరికి పరుగెత్తారు. ఇంద్రాణి కళ్ళజోడు తగిలించుకుని, తన పేరుతో పెట్టుకున్న ఫోల్డరు తెరిచింది. ఒక ఆకు తెర మీదకొచ్చింది, నిండుగా, మచ్చలేకుండా. రంగు పొర పక్కనున్న చిన్న కన్ను గుర్తు మీద మౌస్‌తో నొక్కింది. నింపిన అంచు మాయమైంది. దాని చోట అర్ధచంద్రాకారంలో ఒక గాటు, పక్కన మరొకటి. ఈనెల మధ్య చిన్న చిన్న మచ్చలు.

రష్మిత అత్తగారి భుజం మీద తల వాల్చి ఏడ్చేసింది. "ఉన్నాయి అత్తయ్యా, అన్నీ ఉన్నాయి!"

"ఏడవకు, ఏడవకు. ఉన్నాయి కదా." అంటూ తనూ ఏడ్చింది ఇంద్రాణి. ఏడుస్తూనే తర్వాతి ఫొటో తెరిచింది. అందులోనూ గాట్లు తిరిగొచ్చాయి. గుమ్మంలో నిలబడ్డ కార్తికేయ గట్టిగా ఊపిరి వదిలి, "నేను గోల్‌బజార్ నించి మంచి చేప తెస్తానమ్మా," అన్నాడు. అంతకన్నా ఎలా క్షమాపణ చెప్పాలో అతనికి తెలీదు.

"ముందు ఆఫీసుకెళ్ళు. సాయంత్రం తెద్దువుగాని," అంది ఇంద్రాణి ముక్కు తుడుచుకుంటూ. తర్వాత కోడలి వైపు తిరిగింది. "ఇదిగో, నీకూ సెప్తున్నాను. ఇకనించి పనిస్తే, అదేటి పనో సెప్పి ఇయ్యి. టైంపాస్‌కైతే నాకు టీవీ ఉంది."

"చెప్తాను అత్తయ్యా. మీరు విసుక్కునేదాకా చెప్తాను." రష్మిత ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఆ రోజు క్యాంపస్‌కి వెళ్ళలేదు. ప్రతి గాటూ ఎలాంటి నోటితో కొరికినదో ఆమె చెబుతుంటే, ఇంద్రాణి దాని పక్కన సన్నటి బాణం గుర్తు పెట్టి పేరు రాసింది. గాటు ఒక్కటీ తప్పిపోకూడదని తెరకి ముఖం ఆనించేంత దగ్గరగా వంగింది.

ఆఖరి ఆకు దగ్గర బాణం పెట్టబోయి ఆగింది. అంచున ఒక్క కొరుకుడు, చిన్నది, అక్కడితో సరి.

"ఇదేటి, ఒక్క ముద్ద తిని ఒగ్గీసింది? ఎవరైనా తరిమీసినారంటావా పాపం?"

రష్మితకి నవ్వాగలేదు. తడి ఇంకా ఆరని కళ్ళతో పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏమో అత్తయ్యా, ఆ ప్రశ్న ఇంతవరకూ నాకు తట్టనే లేదు."

"అయితే ఆలోసించు," అంది ఇంద్రాణి, కళ్ళజోడు సరిచేసుకుని బాణం పెడుతూ.