హలీనా గీసిన బుచ్చవ్వ

చెన్నూరులోని మెథడిస్టు సంఘానికి పెద్ద అయిన సాల్మన్ ఆ ఉదయం కోటు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. పోలండ్ చిత్రకారిణి హలీనా రేఖాచిత్రాల ప్రదర్శన కరీంనగర్‌లో ముందురోజే మొదలైంది. కిందటేడు ఆమె వీరింట్లో మూడు రోజులు బొమ్మలు గీసుకుంది. ఆ మూడు రోజులూ ఆయన ఇదే కోటు తొడుక్కుని, బైబిలు పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. కనుక తన బొమ్మ గోడకెక్కడం ఖాయమని సంఘమంతా చాటాడు. ఫలితంగా పాస్టరుగారితో సహా పదిమంది జీపు మాట్లాడుకున్నారు.

భార్య బుచ్చవ్వను మాత్రం పిలవలేదు. పొగాకు పాపమని బోధించే సంఘానికి తాను పెద్దయి ఉండగా భార్య బీడీలు చుట్టడం ఆయనకు నామోషీ. హలీనా ఉన్నన్నాళ్లూ బీడీలాకూ పొగాకూ పెట్టుకునే చాటతో సహా ఆమెను వెనక వసారాలోకి తరిమాడు.

ఇంతలో కరీంనగర్‌లో డిగ్రీ చదువుతున్న కూతురు మహిమ ఫోన్ చేసింది. ఇస్త్రీ ఆపకుండానే ఆయన స్పీకరు పెట్టాడు.

"బాపూ, నేను చూసొచ్చిన. పదకొండు బొమ్మలు. అన్నిట్ల అవ్వనే! బీడీలు చుడ్తున్నది."

"మరి నేను?"

"ఒకదాంట్ల తలుపు సందుల నీ మోకాలు కనబడ్తుంది."

సాల్మన్ ఇస్త్రీపెట్టె ధన్‌మని పెట్టి, పక్కనే బీడీలు చుడుతున్న భార్య వైపు తిరిగాడు. "అంత నీతోనే అయింది! ఆ మూడొద్దులు ఊకె కూసోరాదా?"

"ఊకె కూసుంటే కార్ఖానాకు బీడీలు ఎవలిస్తరు?" అంది బుచ్చవ్వ, చేతిలోని ఆకు వదలకుండానే. "నువ్వు ఊకె కూసున్నవు గద. ఆ బొమ్మలామెకు, నీకూ గోడకూ తేడ తెల్వలే."

"అవ్వ తల వంచుకున్నది బాపూ, ముఖం కనబడది," అని మహిమ సర్దిచెప్పబోయింది.

సాల్మన్ మొహం వెలిగింది. "ఇంకేం ఫికర్! పాస్టరుగారడిగితే ఎవలో తెల్వదని అంట."

బుచ్చవ్వ చెయ్యి ఆగింది. "అను. ఇరువై రెండేండ్లసంది చుట్టి పిల్లను చదివిచ్చింది ఎవలో అను."

బయట జీపు హారను మోగింది. ఆయన కోటు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ప్రదర్శనశాలలో పాస్టరుగారు ఒక పెద్ద బొమ్మ ముందు ఆగారు. "చేతులు ఎంత బాగ గీసింది! ఎవరీమె, సాల్మన్‌గారూ?"

తెలియదన్న జవాబు నాలుక చివర సిద్ధంగానే ఉంది. కానీ చూపు ఆ కుడిచేతి మీద పడింది. చూపుడువేలు పైకణుపు దగ్గర కొక్కెంలా వంగిపోయి ఉంది. చాట కనిపిస్తే చూపు తిప్పుకోవడం అలవాటైన మనిషి గనుక, ఆ వేలు ఆయన ఏనాడూ చూడలేదు.

"నా భార్య, పాస్టరుగారూ," అన్నాడు. "బీడీలు చుడ్తది."

ఎవరేమన్నారో వినకుండా బయటికొచ్చి ఫోన్ చేశాడు.

"ఏంది, ఇంక తిట్టుడు మిగిలిందా?" అంది బుచ్చవ్వ.

"నీ వేలు ఎప్పుడు వంకరవోయింది?"

"మహిమ పదోతరగతిల ఉన్నప్పుడు."

"నొస్తదా?" కోటు చేతితో కళ్లు ఒత్తుకున్నాడు.

"గీ మాట అడగనీకె కరీంనగర్ దాక పోవాల్నా?" అని కసిరిందామె. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.