చాప పక్కన కుర్చీ

గోడ అవతల పాట మొదలైంది. సుగుణమ్మగారు మంచం మీద వెల్లకిలా పడుకుని వింటున్నారు. కాళ్ల మధ్య దిండు పెట్టి ఉంది కాబట్టి అటూ ఇటూ ఒత్తిగిలడానికి కూడా లేదు. పాట ఎత్తింది భర్త ఆనందరావుగారు. గొంతు తగ్గించి పాడుతున్నా, శ్రుతి మాత్రం రోజూలాగే అందనంత పైన ఎత్తుకున్నారు. రెండో చరణానికి వచ్చేసరికి ఆయనా, కొడుకూ కోడలూ దాన్ని ఈడ్చలేక గొణుక్కుంటున్నారు.

తెల్లవారగానే కుటుంబ ప్రార్థనకి పాట ఎత్తడం ఆ ఇంట్లో సుగుణమ్మగారి పని. రాజోలు పక్కనున్న ఈ ఊరికి కొత్తకోడలుగా వచ్చినప్పటి నుంచీ అంతే. ఊళ్లో బడి పాఠాలు చెప్పే ఈ టీచరమ్మ గొంతు వినపడ్డాకే పక్కిళ్లలో పొయ్యిలు వెలిగేవి. ఇప్పుడు ఆవిడ లేకుండానే ప్రార్థన జరిగిపోతోంది. జరిగిపోతోంది కదా, ఆవిడ బాధంతా అదే.

తుంటి కీలు అరిగిపోయి అడుగు తీసి అడుగు వేయలేని స్థితి వస్తే, వేసవిలో విశాఖపట్నం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు. అరిగిన కీలు తీసేసి కొత్తది అమర్చారు. ఏళ్ల తరబడి పీడించిన నొప్పి పోయింది. అయితే ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు కోడలు నిఖితని పిలిచి మరీ చెప్పారు.

"చుట్టూ ఉన్న కండ గట్టిపడేదాకా కొత్త కీలు జారిపోయే ప్రమాదం ఉందమ్మా. నేల మీద కూర్చోకూడదు, ముందుకి వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు. జారిందంటే మళ్లీ ఇక్కడికే."

నిఖిత ఆ మాటల్ని బైబిలు వాక్యం పట్టుకున్నట్టు పట్టుకుంది. ఇంటికి రాగానే పీటలూ కత్తిపీటా అటకెక్కించింది. ఎత్తు మంచం, చేతులున్న ఎత్తు కుర్చీ, నడవడానికి వాకరు, అన్నీ గదిలో అమర్చింది. పళ్లెం గదిలోకే వస్తుంది. మిగతా ముగ్గురూ వంటింట్లో నేల మీద కూర్చుని తింటూ ఏదో చెప్పుకుని నవ్వుతుంటే, ఆ నవ్వు ఈవిడకి గోడ దాటి వినిపిస్తుంది. ఎందుకు నవ్వారో తెలియదు. నలుగురున్న ఇంట్లో కూడా మనిషి ఒంటరిదైపోవచ్చని ఆవిడకి ఈ వయసులో తెలిసింది.

ఆ ఉదయం ప్రార్థన అయ్యాక, కొడుకు ఫిలిప్ సెంటర్లో తన ఎస్టీడీ బూత్ తెరవడానికి వెళ్లిపోయాడు. ఆనందరావుగారు చేపలకి వెళ్లారు. నిఖిత పెరట్లో బట్టలు ఆరేస్తోంది. సుగుణమ్మగారు వాకరు పట్టుకుని మెల్లగా నడి గదిలోకి వచ్చారు. చాప ఇంకా తీయలేదు. ముగ్గురి మోకాళ్లూ నొక్కుకున్న చోట చాప కాస్త అణిగి ఉంది. తన చోటు మాత్రం చదునుగా ఉంది.

ఒక్కసారి మోకరిస్తే ఏమవుతుందిలే అనుకున్నారు. వాకరు గట్టిగా పట్టుకుని బాగున్న కాలి మోకాలు దించబోయారు. ఆపరేషన్ అయిన కాలు వణికింది. వాకరు పక్కకి జరిగింది.

"అత్తయ్యగారూ!"

నిఖిత తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చి చంకల కింద పట్టేసుకుంది. ఎలాగో లేపి మంచం మీద కూర్చోబెట్టింది. కాలు కదుపుతున్నారని చూసుకున్నాక అప్పుడు విరుచుకుపడింది.

"ఏంటండీ ఈ పని? జారిపోయుంటే? అంత కష్టపడి నడిపించుకుంటున్నాం, మళ్లీ కోయించుకుంటారా?"

"జారితే జారనీ. ఈ గదిలో పడేసిన సామానుకి కీలెందుకు?"

"సామానేంటండీ, అంత మాటన్నారు?"

"మరేంటమ్మా? పొద్దున్నే నన్ను వదిలేసి గుసగుసగా పాడేసుకుంటున్నారు. ఒక్కరోజైనా రమ్మన్నారా? మోకాళ్లు వంగనిదాన్ని, దేవుడికి కూడా అక్కర్లేదనుకున్నారేమో."

నిఖిత ఇక ఆగలేకపోయింది.

"హాస్టల్లో ఉన్న బాబు కడుపులో ఉన్నప్పుడు నా కాళ్లు దిబ్బల్లా వాచేయి. ప్రార్థనలో కుర్చీలో కూర్చుంటానంటే మీరేమన్నారో గుర్తుందాండీ? 'దేవుడి ముందు కుర్చీ ఏంటి, ఇదేమన్నా స్కూలు మీటింగా' అన్నారు. మోకరించే చేసేను. లేవలేకపోతే ఆయన లేపేరు. ఇప్పుడు నేను మీకు కుర్చీ వేస్తే, ఆ రోజుకి బదులు తీర్చుకుంటోంది అనుకోరా? మావయ్యగారు కూడా వద్దనే అన్నారు. 'వద్దమ్మా, కుర్చీ వేస్తే దానికి చిన్నతనంగా ఉంటుంది. పడుకోనీ, నిద్ర లేవకుండా మెల్లిగా పాడుకుందాం' అన్నారండీ."

సుగుణమ్మగారికి అప్పుడు అర్థమైంది. తనకి తలుపు మూసింది వీళ్లు కాదు. ఆ గడియ తన చేత్తో ఎప్పుడో తనే పెట్టుకున్నారు. అప్పుడు అవతల నిలబడ్డ పిల్ల కాళ్లు ఎంత వాచి ఉన్నాయో కనీసం వంగి చూడలేదు. ఇప్పుడు చూద్దామన్నా వంగడానికి లేదు. ఆవిడ ఏడ్చేశారు. నిఖిత పక్కన కూర్చుని పమిట చెంగుతో అత్తగారి కళ్లు తుడిచింది.

మర్నాడు తెల్లవారింది. ఆనందరావుగారు చాప పరుస్తుంటే, గుమ్మంలో వాకరు చప్పుడైంది.

"ఏవండీ, చాప కాస్త ఇటు లాగండి. నాకు కుర్చీ వేయాలి."

ఆయన కళ్లద్దాలు సర్దుకుని భార్యని చూశారు. "ఆయ్" అని చాప పక్కకి లాగారు.

"నిఖితా, కుర్చీలు రెండు తీసుకురామ్మా."

"రెండోది ఎవరికండీ? మేం కింద కూర్చుంటాం కదా."

"నీకు. అప్పుడు వేయాల్సింది. ఇన్నాళ్లు ఆలస్యమైంది."

నిఖిత కుర్చీలు తెచ్చి వేసింది. తను మాత్రం వెంటనే కూర్చోలేకపోయింది. కుర్చీ వీపుని ఒక చేత్తో పట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుగుణమ్మగారు చెయ్యి పట్టి లాగితే అప్పుడు కూర్చుంది. ఫిలిప్ తల వంచుకుని చాప అంచు సర్దాడు.

ఆనందరావుగారు గొంతు సవరించుకుని మళ్లీ ఆ అందని శ్రుతిలోనే ఎత్తబోయారు.

"ఆగండి మహానుభావా" అన్నారు సుగుణమ్మగారు, కళ్లు మూసుకునే.

పాట ఆవిడ ఎత్తారు. ఇన్నాళ్లు వాడకపోవడంతో గొంతు మొదట కొంచెం బొంగురుపోయింది. రెండో చరణానికి సర్దుకుంది. ఈసారి ఎవరూ గొణగలేదు.