తండ్రి వైపు నుంచి

టేపు సాగిపోయిందనుకుంది ఆ తల్లి. వీధిలో సగం మంది ఆడవాళ్ళ కొలతలు నోటికి చెప్పగల దర్జీ, కన్నకూతురి ఛాతీ కొలత నెలలో రెండుసార్లు తప్పడమేమిటి... కొత్త టేపు కొంది. అదీ అంతే చూపించింది. రెండు గౌన్ల కుట్లు విప్పి వదులు చేశాక గానీ ఆమె బుర్రకు తట్టలేదు. పిచ్చుకలాంటి పిల్ల పెద్దమనిషి అయ్యే దారిలో ఉంది. దానికింకా ఏడేళ్ళే!

ఇక అత్తగారు అందుకుంది. "పాలూ గుడ్లూ అంటూ కుక్కి కుక్కి పెట్టావు. పసిదాని బాల్యం మింగేశావు. ఇకమీదట దాని తిండీ పడకా నా దగ్గరే. నువ్వు ముట్టుకోకు."

భర్త పేపరు చాటున మొహం దాచుకున్నాడు. ఏం చేశాను నేను... ఏ ముద్దలో వచ్చిందిది... తినిపించిన ప్రతి ముద్దనూ తల్చుకుని ఏడ్చిందా పిచ్చితల్లి. "అమ్మా, నేనేం తప్పు చేశాను?" అని పిల్ల అడిగితే, "నువ్వు కాదమ్మా, నేనే" అంది.

అందరి రక్తపరీక్షల ఫలితాలూ వచ్చిన రోజు పిల్లను బడికి పంపి ముగ్గురూ డాక్టరమ్మ ఎదుట కూర్చున్నారు.

"తిండి వల్ల కాదమ్మా. ఈడు తొందరగా రాకుండా కళ్ళెం వేసే జన్యువొకటి ఉంటుంది. అది పాపలో చెడింది, వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. ఇంజెక్షన్లతో ఆపుదాం, భయపడకండి."

"నాకు మీసాలే ఆలస్యంగా వచ్చాయి కదండీ" అన్నాడు భర్త అయోమయంగా.

"మీకు మీ అమ్మగారి నుంచి వచ్చింది. తల్లి వైపు నుంచి వస్తే అది నిద్రపోతుంది. తండ్రి వైపు నుంచి వచ్చిందే పనిచేస్తుంది. అదే చెడితే ఇక కళ్ళెం ఉండదు."

కోడలికి నెత్తిన బరువు దిగినట్టే ఉంది, కోపమూ ముంచుకొస్తోంది... ఎవరి మీదో తెలియడం లేదు. అత్తగారి వైపు తిరిగింది. ఆవిడ డాక్టరమ్మనే చూస్తోంది.

"నేనూ ఏడో ఏటే పెద్దమనిషినయ్యాను. అమ్మే ఏదో పెట్టిందని మా నాన్న ఆవిణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు. మళ్ళీ చూడలేదు అమ్మను... అయితే డాక్టరమ్మా, నాకది మా నాన్న నుంచేనా?"

"అంత చిన్న వయసులో వచ్చిందంటే ఆయన నుంచేనమ్మా."

"అరవై ఏళ్ళు నేనూ అమ్మనే తిట్టుకున్నాను" అంటూ కోడలి చెయ్యి పట్టుకుంది ఆ ముసలామె. "నన్ను క్షమించవే. పిల్ల నీ దగ్గరే పడుకుంటుంది, నువ్వే తినిపించు."

క్షమించిందో లేదో కోడలికే తెలియలేదు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.