ముఖచోరి బంక

మిట్టమధ్యాహ్నం, గుర్రాల సంతలో, జనమంతా చూస్తుండగా రాజభటుడు దౌదా తన సొంత అన్నను బల్లెంతో పొడిచి చంపాడు.

చంపి పారిపోలేదు. శవం పక్కనే నిలబడి, మా అన్న బట్టలు వేసుకుని ఎవడో వచ్చాడు, నన్ను పేరు పెట్టి పిలిచాడు, అందుకే పొడిచాను అని అడిగినవాళ్లందరికీ చెప్పాడు. తలకు ఆ ఉదయమే కట్టిన కొత్త నీలి తలపాగా. చెమటకు రంగు దిగి నుదురంతా నల్లబడింది.

పొద్దు వాలేలోగా గూఢచారి ఇందోకు కబురు వచ్చింది.

తాబా రాజ్యంలో గూఢచారుల పెద్దను గలాదిమా అంటారు. ఆ ముసలాయన ఎంత పెద్ద గండమొచ్చినా కోలా గింజ నములుతూ నింపాదిగా మాట్లాడే మనిషి. ఆ రోజు నోట్లో ఏమీ లేదు. అది చూడగానే ఈసారి గండం మామూలుది కాదని ఇందోకు తెలిసింది.

ఎప్పుడో పట్టుబడిన ఒక నల్లని ముద్దను ఆయన ఆకు మీద పెట్టి ముందుకు జరిపాడు. చేత్తో తాకవద్దన్నాడు.

"ముఖచోరి బంక. పేరు విన్నావుగా?"

వినకుండా ఎలా ఉంటుంది? ఎడారి అవతల, అజ్‌గర్ దేశంలో, సమాధుల మీద మొలిచే తుమ్మచెట్ల నుంచి కారుతుందది. ముత్తాతల నాడే నిషేధించారు. దగ్గర పెట్టుకున్నవాడికి మరణశిక్ష. చెమటతో కలిసి ఒంట్లోకి దిగితే మనిషికి ముఖాలు పోతాయి. కళ్లు కనిపిస్తాయి, ముక్కు కనిపిస్తుంది, కాని ఆ మనిషి ఎవరో తెలియదు. కన్నతల్లి అయినా అంతే.

భటుల తలపాగాలు ముంచిన రంగుగుంటలో ఎవరో ఈ బంక కలిపారని గలాదిమా అనుమానం. తెల్లవారితే పండగ. రాజు ఊరేగుతాడు, చుట్టూ గుర్రాల మీద భటులంతా కొత్త తలపాగాలతో ఉంటారు. కట్టవద్దంటే భటుల నాయకుడు ఒప్పుకోలేదు. పండగనాడు పాత తలపాగా కడితే రాజుకు అవమానమట, రుజువు తెమ్మన్నాడట. ఆ రుజువు తేవడమే ఇందో మిషన్. రంగుగుంటల దగ్గర రుమానా అనే అత్తర్లమ్మే ఆమె కలుస్తుంది. వర్తకుల వేషంలో ఉన్న అజ్‌గర్ ముఠాలో చేరి రెండేళ్లుగా మనకు వార్తలు చేరవేస్తున్న ఏజెంట్ ఆమే.

తెల్లవారగానే ఇందో పాలమ్మే ఆమె వేషం కట్టింది. సజ్జముద్దలు కలిపిన పెరుగు బుర్ర నెత్తిన పెట్టుకుని గుంటల మధ్య అరుచుకుంటూ తిరిగింది. దౌదా అన్న శవం కళ్లముందు నుంచి పోవడం లేదు.

రుమానా నవ్వుతూ ఎదురొచ్చింది. కాటుక కళ్లు, మోచేతుల దాకా గాజులు, మీద నీలి ముసుగు. రంగులు వేసేవాళ్లు పని ఆపి మరీ ఆమెనే చూస్తున్నారు.

"ఈ ఏడు నీలి ఘాటెక్కువ," అంది ఇందో. అది కోడ్.

"వాన తక్కువ పడిందిగా అక్కా," అని రుమానా జవాబిచ్చింది.

ఆమె చాప కప్పిన ఒక గుంట చూపించింది. చాప ఎత్తితే రంగు మీద నల్లని ముద్దలు తేలుతున్నాయి. ఇంత సులువుగా దొరికిందేమిటని ఇందోకు అనిపించింది. అంతలోనే రుమానా దగ్గరికి జరిగింది.

"ఎందుకక్కా అంత భయం? చూడు, ఎలా చెమట పట్టిందో." తన ముసుగు కొంగుతో ఇందో నుదురు, చెంపలు, మెడ మెత్తగా తుడిచింది. సొంత చెల్లెలు తుడిచినట్టే ఉంది. అత్తరు వాసన కింద ఏదో చేదు వాసన వచ్చింది.

ఇందో పక్కకు తిరిగి చూసింది. ఇందాకటి నుంచి తను ఓ కంట కనిపెడుతున్న రంగులవాడు కనిపించలేదు. అక్కడ ఎవరో ఉన్నారు, వాడో కాదో తెలియలేదు. మళ్లీ రుమానా వైపు తిరిగింది. కాటుక ఉంది, పెదవుల మీద నవ్వు ఉంది. అవి ఎవరివో తెలియలేదు. ఆ నవ్వు వెనక్కి వెనక్కి నడిచి నీలి ముసుగుల గుంపులో కలిసిపోయింది. ఇక గుంపులో ఏ ఆడది అయినా రుమానా కావచ్చు.

గుక్కెడు నీళ్ల కోసం తొట్టి మీదకు వంగింది. నీళ్లలోంచి ఎవరో ఆడమనిషి బెదురుగా తననే చూస్తోంది. అది తన నీడేనని ఇందోకు కాసేపటికి గాని అర్థం కాలేదు. పెరుగు బుర్ర అక్కడే వదిలేసి పరుగెత్తింది.

గలాదిమా అరుగు మీద ముగ్గురు ముసలివాళ్లు కూర్చుని ఉన్నారు. ముగ్గురూ ఒకేసారి తలెత్తారు. వాళ్లలో ఎవరికి చెప్పాలి? తప్పుడు మనిషికి చెబితే? ఒకరి తరవాత ఒకరిని చూసింది.

"ఏమైందే అమ్మాయ్?" అన్నాడొకాయన.

ఆ గొంతు వినగానే ఏడుపు తన్నుకొచ్చింది. "బాబా, నాకు ముఖాలు పోయాయి. రుమానా వాళ్ల మనిషి."

గలాదిమా లేచి నిలబడ్డాడు. అప్పటికే డోళ్లు మోగుతున్నాయి. రాజుగారి మాటలను జనానికి వినిపించే వంది పొద్దున్నే వాంతులతో పడిపోయాడని ఆయన దారిలో చెప్పాడు. తాబా రాజు నలుగురిలో కళ్లు తప్ప ముఖం చూపించడు, నోరు విప్పడు. బయటివాళ్లు అది ఆచారమనుకుంటారు. లోపలి సంగతి వేరు. రాజుకు నత్తి. ఆ సంగతి అంతఃపురానికి తెలుసు, రాత్రింబవళ్లు తలుపు దగ్గర కాపలా కాసే భటులకు తెలుసు.

వాళ్లు మైదానం చేరేసరికి తూర్పు ద్వారం నుంచి రాజు గుర్రం లాంటిదే రెండో తెల్లగుర్రం వచ్చింది. దాని మీద అదే తెల్ల అంగీ, అదే ముసుగు, పైన అదే గొడుగు. రాజు చుట్టూ ఉన్న వరస చెదిరిపోయింది. గుర్రాలు బెదిరి గిరగిర తిరిగాయి. తిరగడం ఆగేసరికి మధ్యలో ఇద్దరు రాజులున్నారు, చెమటలు కారుతున్న భటులు ఒకరి వైపు చూసి ఇంకొకరి వైపు చూస్తున్నారు. ఇద్దరిలో ఒకడు చెయ్యెత్తి రెండోవాడి వైపు వేలు చూపి, ఆ చేతిని కోస్తున్నట్టు కిందికి దించాడు. చంపమని సైగ. బల్లేలు ఒక్కొక్కటే అటు వాలాయి.

గలాదిమా అరిచాడు. ఆ ముసలివాడు ఎవరో భటులకు తెలియలేదు, పక్కకు నెట్టేశారు.

ఇందో గుర్రాల కడుపుల కింద నుంచి దూరింది. ఒక డెక్క భుజానికి తగిలింది. ఇద్దరి మధ్యా లేచి నిలబడింది. ఎవరు రాజో ఆమెకూ తెలియదు. తప్పుడు వైపు ఒక్క అడుగు వేస్తే ప్రాణం పోతుంది. అందుకే ఎవరి వైపూ చూడకుండా నేల చూస్తూ చెప్పింది. "ప్రభూ, వీళ్లకు మీ ముఖం కనిపించదు. మీ గొంతు వినిపించండి."

ఒక బల్లెం మొన తెల్ల అంగీని తాకింది.

అప్పుడు ఆ అంగీలోని మనిషి నోటి మీది ముసుగు లాగేశాడు.

"హ... హ... హరూనా," అన్నాడు బల్లెం పట్టుకున్న భటుడితో. "దించు. నీ కూ... కూతురికి పేరు పె... పెట్టింది నేనే."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. రాజు ఆగలేదు. చెంపల మీద నీళ్లు కారుతుంటే తడబడుతూనే ఒక్కొక్క భటుణ్ణి చూసి పేరు పెట్టి పిలిచాడు. వాళ్లకు ఆయన ముఖం పోయింది గాని ఆయనకు వాళ్ల ముఖాలు పోలేదు. పిలిచినవాడల్లా బల్లెం దించాడు.

రెండో తెల్లగుర్రం వెనక్కి తిరిగింది. హరూనా దాని కళ్లెం అందుకున్నాడు. తలపాగా లాగేస్తే పొడుగాటి జడలు జారిపడ్డాయి. మైదానమంతా అత్తరు గుప్పుమంది.

"ఎవరు బాబా?" అని అడిగింది ఇందో.

"రుమానా," అన్నాడు గలాదిమా.

ఆ రెండో రాజు ఎందుకు ఒక్క మాటైనా మాట్లాడలేదో అప్పుడు అందరికీ అర్థమైంది.

అజ్‌గర్ వర్తకులను పడమటి ద్వారంలో పట్టుకున్నారు. తలపాగాలన్నీ ఊరి బయట పాతిపెట్టి, గుంటను మట్టితో పూడ్చారు. వచ్చే వానల నాటికి ముఖాలు తిరిగి రావచ్చని, రాకపోనూ వచ్చని వైద్యుడు చెప్పాడు. ఆ రాత్రంతా ఇందో దీపం ఆర్పనివ్వలేదు. ఎవరు గదిలోకి వచ్చినా ముందు మాట్లాడి రమ్మంది.

మర్నాడు గలాదిమా చూడటానికి వచ్చాడు. గుమ్మంలోనే దగ్గి, నేనే అని చెప్పి, కూర్చున్నాడు. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, అసలు సంగతికి వచ్చాడు.

"ముఖాలు గుర్తుపట్టలేని గూఢచారిని పెట్టుకుని నేనేం చేసుకోను, అమ్మాయ్?"

ఇందో గొంతు వచ్చిన వైపు తిరిగింది.

"గుర్తుపట్టగలిగిన మీరు ఆ రుమానాకి రెండేళ్లు జీతమిచ్చారు కదా, బాబా."