గోరువెచ్చని మట్టి

ఆఫీసులో ఆమెను అందరూ ముక్కు మేడమ్ అనేవారు. ఏ కాలవలో ఏ ఫ్యాక్టరీ నీళ్లు కలుస్తున్నాయో వాసన చూసి చెప్పేస్తుందని ఒక కారణం. ఎంత పెద్దవాళ్లు ఎదుటున్నా ముక్కుసూటిగా మాట్లాడుతుందని ఇంకో కారణం. నగరం చివరి లోతట్టు నేలలో వేల ఇళ్లు కట్టాలని ప్రణాళిక వేసినప్పుడు, దానివల్ల అక్కడి మట్టికీ నీటికీ గాలికీ ఏం జరుగుతుందో, అక్కడ ఉండబోయేవాళ్ల గతి ఏమిటో తేల్చి చెప్పే పని ఆమె మీదే పడింది.

ఆ నేల నగరంలోని కబేళాల వ్యర్థమంతా ఏళ్ల తరబడి తెచ్చి పోసిన గుంట. పైన మట్టి కప్పి చదును చేశారు. నమూనాగా ఒక్క ఇల్లు కట్టి, సైటు ఇంజనీరును అందులో కాపురం ఉండమన్నారు. ఆ ఇంజనీరు స్వయానా ఆమె బావ. కడుపుతో ఉన్న అక్క ఆ ఇంట్లోనే ఉంటోంది. వెళ్లిన కొత్తలో వాసన భరించలేకపోతున్నానని అక్క ఫోనులో ఏడ్చేది. తర్వాత ఆ మాటే ఎత్తడం మానేసింది. ఆ నేల మీద అనుమానంగా ఉందని ఆమె అంటే, తలదాచుకునే చోటు లేక జనం అల్లాడుతుంటే, నీ ముక్కుకు నచ్చలేదని పని ఆపేస్తారా అని బావ వేళాకోళం చేశాడు.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఆకు కదలడం లేదు. బావ ఏదో పని మీద బయటికి వెళ్లాడు. ఆమె బోరు మేస్త్రీని వెంటబెట్టుకొచ్చి, అక్క ఇంటి పెరట్లో బోరు గొట్టం దింపి లోపలి మట్టి తీయించింది. మొదట పెంకులు, ప్లాస్టిక్ సంచులు వచ్చాయి. ఆ కింద నల్లటి బురద. ఇంకాస్త కిందికి పోయేసరికి, మాగిన పండులో వేలు దిగినట్టు గొట్టం దానంతటదే జారిపోయింది.

పైకి లాగితే వచ్చింది మట్టి కాదు. తెల్లగా, కొవ్వులా, జిగటగా ఉంది. మధ్య మధ్య వెంట్రుకలు. గ్లౌజు వేసుకున్న అరచేతిలోకి ఒక ముద్ద తీసుకుంది. గోరువెచ్చగా ఉంది. వేళ్ల సందుల్లోంచి సాగి, తెగకుండా వేలాడింది. వాసన చూసింది. కుళ్లిన మాంసం కాదు, మురుగు కాదు. కానీ తెలిసిన వాసనే. ఎన్నాళ్లనుంచో తోమని నోటి వాసన.

ముద్దను సీసాలోకి జార్చి మూత బిగించింది. మేస్త్రీ అప్పటికే గోడవైపు తిరిగి కక్కుతున్నాడు.

చిరిగిన సంచి ముక్కొకటి బోరు గుంట వైపు పాకింది... ఆగింది... మళ్లీ పాకింది. చటుక్కున లోపలికి పోయింది.

"గ్యాసేనా అమ్మా?" మేస్త్రీ గొంతు తగ్గించి అడిగాడు.

ఆమె గుంట దగ్గరనుంచి వెనక్కి జరిగింది. చెత్తలో పుట్టిన గ్యాసు పైకి తన్నుకొస్తుంది. లోపలికి పీల్చుకోదు.

బండి స్టార్టు చేసి ఉంచమని మేస్త్రీకి చెప్పి, అక్కను తీసుకొద్దామని ఇంట్లోకి నడిచింది. ఇల్లు అద్దంలా ఉంది. ఎక్కడా ఒక్క ఈగ లేదు. అక్క స్నానాల గదిలో పీట మీద కూర్చుని ఉంది. తూము మీది జాలీ తీసి పక్కన పెట్టింది. కంచంలో మిగిలిన ఎముకలు ఒక్కొక్కటే తూములో వేస్తోంది. చెత్త బండి ఇటు రాదనీ, ఇందులో ఏం వేసినా అడ్డుపడదనీ మామూలుగా చెప్పుకుపోయింది. ఆ తర్వాత కంచాన్నే తూము మీద బోర్లించింది.

కింద చప్... చప్... మని చప్పుడు. కంచం కొద్దిగా కదిలింది. అక్క దాన్ని తీసి తిప్పింది. మెతుకు లేదు, మరక లేదు. అంచుకు నురగ అంటుకుని ఉంది.

"అక్కా... ఎన్నాళ్లనుంచి ఇది?"

"కాళ్లు వాచినప్పటినుంచి." అక్క పాదాలు రెండూ తూము దగ్గరికి జరిపింది. "ఎంత హాయిగా ఉంటుందో. నువ్వూ పెట్టి చూడవే."

తూములోంచి బూడిదరంగులో ఏదో తడి తడిగా పైకి వచ్చింది. దానికి కళ్లు లేవు. మొహం లేదు. ఒళ్లంతా సన్నని బొడిపెలు. అది అక్క మడమ చుట్టూ తిరిగింది... నెమ్మదిగా... వేళ్ల సందుల్లోకి...

ముక్కు మేడమ్ అరవలేదు. అరవాలంటే నోరు తెరవాలి. తెరిస్తే ఆ గాలి నోట్లోకి పోతుంది. అక్క రెక్క పట్టుకుని బలమంతా పెట్టి లాగింది. బురదలోంచి చెప్పు ఊడినట్టు పాదం దాని పట్టులోంచి వచ్చేసింది. గడప దాటేటప్పుడు అక్క వెనక్కి తిరిగింది.

"దానికి ఇంకా ఆకలి తీరలేదే," అంది, ఏడుస్తున్న చంటిబిడ్డను వదిలి వస్తున్నట్టు.

బండిలో అక్క కాళ్లు తుడుస్తుంటే చూసింది. అరికాళ్ల మీద ఒక్క గీత లేదు. వేళ్లకు గోళ్లు లేవు. ఏటిలో అరిగిన గులకరాళ్లలా ఉన్నాయి. ఎన్ని గుడ్డలు మార్చినా జిగురు వదల్లేదు.

అక్కడ ఒక్క ఇల్లు కూడా కట్టడానికి వీల్లేదని నివేదికలో రాసింది. మట్టి వెచ్చగా ఉందనీ, నేల నిలకడగా లేదనీ కారణాలు చూపింది. తూము సంగతి రాస్తే పిచ్చిదంటారని రాయలేదు. బావ మొదట మండిపడ్డాడు. అక్క పాదాలు చూశాక దారికి వచ్చాడు. ప్రణాళిక ఆగిపోయింది. నమూనా ఇంటిని కూల్చి, ఆ చోటంతా కాంక్రీటు పోశారు. ఇళ్ల కోసం ఎదురుచూసినవాళ్లు ఆఫీసు గేటు ముందు నిలబడి ఆమెకు శాపనార్థాలు పెట్టారు. తల వంచుకుని వింది. అక్క ఆమె ఇంట్లోనే ఉండి కోలుకుంది. గోళ్లు మళ్లీ మొలుస్తుంటే అందరి మనసూ కుదుటపడింది.

నెలలు నిండాక, ఎండ బాగా కాస్తున్న ఉదయాన అక్కకు నొప్పులు వచ్చాయి. ప్రసవం గదిలో ముక్కు మేడమ్ అక్క చెయ్యి పట్టుకుని నిలబడింది. కాన్పు తేలిగ్గానే అయింది. ఆడపిల్ల. గుక్కపట్టి ఏడ్చింది. అక్క అలిసిపోయి నవ్వింది.

బిడ్డ ఒళ్లు తుడవడానికి తడిగుడ్డతో వంగిన నర్సు, వంగినది వంగినట్టే ఉండిపోయింది. పిల్ల ఒంటి మీద నెత్తురు చుక్క లేదు. పుట్టిన పిల్లలకు ఉండే తెల్లటి జిడ్డు లేదు. తలమీది నూగుజుట్టు తడిగా, ఒకే పక్కకి దువ్వినట్టు అణిగి ఉంది. బొడ్డు ఇంకా కొయ్యలేదు.

"దీన్ని ముందే ఎవరు శుభ్రం చేశారు?" నర్సు మెల్లగా అడిగింది.