ఎంతకీ రాని ఆమెన్

ఆ ఉదయం నాటికి గెరిట్ డైక్‌హౌస్ చేతిలో ఉన్నది తక్కువేమీ కాదు. పాత ట్రాక్టర్లు కొని అమ్మే దుకాణం, చర్చి సంఘంలో పెద్దరికం, మాట తప్పడన్న పేరు, ఎదురు చెప్పని భార్య ఆల్డా, దుకాణం కౌంటర్లో కూర్చునే కూతురు మార్లా. వీటిలో చివరిది చేజారేలా ఉంది.

మార్లా నర్సు చదువు పూర్తి చేసింది. డెన్వర్‌లో ఒక ఆసుపత్రివాళ్ళు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో ఉద్యోగం ఖాళీ ఉందన్నారు. ఎనిమిదింటికి ఫోన్ చేస్తారు. ఎత్తకపోతే వరుసలో ఉన్న మరొకరిని పిలుస్తారు.

"మన అయోవాలో పిల్లలు పుట్టడం మానేశారా?" గుడ్ల మీద మిరియాల పొడి చల్లుకుంటూ అన్నాడు గెరిట్.

"ఇక్కడి బొద్దు పిల్లలకి అమ్మమ్మలున్నారు నాన్నా. అక్కడివాళ్ళు అరచేతిలో పట్టేంత ఉంటారు."

"ఆ ఊళ్ళో ఆదివారం చర్చికెళ్ళేవాడు కనిపిస్తే వింతని ఫొటో తీసుకుంటారట."

"అయితే నా ఫొటోలు బోలెడు తీస్తారు."

ఆల్డా నవ్వాపుకొని కాఫీ పోసింది.

ఆ ఇంట్లో తినే ముందొక ప్రార్థన, తిన్నాక బైబిలు, చివర మరో ప్రార్థన. ఆఖరి ఆమెన్ పడేదాకా బల్ల దగ్గర నుంచి ఎవరూ లేవకూడదు. గాలివాన వచ్చినా, కొట్టంలో ఆవు ఈనుతున్నా అంతే. గెరిట్ తాతల నాటి కట్టుబాటు అది.

గెరిట్ బైబిలు తెరిచి, పిల్లలు తల్లిదండ్రులకు లోబడాలని పౌలు ఎఫెసువాళ్ళకు రాసిన చోటు చదివి టక్కున మూసేశాడు.

"ఇంకాస్త చదువు నాన్నా. తండ్రులు పిల్లలకు కోపం తెప్పించొద్దని కిందే ఉంటుంది."

"ఇవాళ్టికింతే. కళ్ళు మూసుకోండి."

గోడ గడియారం ఎనిమిదికి దగ్గరపడింది. గెరిట్ అది చూశాడు. అవతలివాడి గడువు దాటించగలిగితే ధర పెంచకుండానే బేరం మనదవుతుందని అతనికి తెలుసు.

పంటకు వందనాలు చెప్పాడు. పాస్టరుగారి మోకాలి నొప్పి గురించి, నైజీరియాలోని మిషనరీల గురించి, గవర్నరుకు రావలసిన బుద్ధి గురించి ప్రార్థించాడు. "దూరపు కొండలు నునుపని మోసపోయేవారి కళ్ళు తెరువు ప్రభువా!"

మార్లా ఒడిలో ఫోన్ మోగింది. చెయ్యి దాని మీద పడి ఆగిపోయింది. తండ్రి మాట ఒక్కటే అయితే కాదని లేవగలదు. ప్రార్థన మధ్యలో లేవడమంటే దేవుడికి ఎదురు తిరగడమేనని ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఇప్పుడా ఇద్దరూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు. ఎటూ కదల్లేక కుర్చీ అంచు పట్టుకుంది.

గెరిట్ గొంతు పెంచాడు. "ఇంకా ప్రభువా, మా పెద్దత్త సంతానాన్ని..."

"ఆమెన్," అంది ఆల్డా.

గెరిట్ కళ్ళు తెరిచాడు. "నేనింకా ముగించలేదు."

"దేవుడితో ఎప్పుడో ముగించావు. గవర్నరు దగ్గర్నుంచీ నువ్వు మాట్లాడుతున్నది గడియారంతో. మార్లా, లే!"

ఫోన్ అప్పటికే ఆగిపోయింది. ఆసుపత్రికి తిరిగి ఫోన్ చేయడానికి మార్లా దాన్ని చేత పట్టుకొని వరండాలోకి పరుగెత్తింది.

"సంఘపెద్ద ఇంట్లో ప్రార్థన తెంచుతావా?"

"మా నాన్నా ఇలాగే చేశాడు గెరిట్. ఆర్గన్ నేర్చుకోవడానికి నేను మిషిగన్ వెళ్ళాల్సిన బస్సు బయట హారన్ కొడుతుంటే, ఇశ్రాయేలు గోత్రాలన్నిటి కోసం ప్రార్థించాడు. బస్సు పోయాక ఆమెన్ అన్నాడు. నేనూ అన్నాను."

"ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదే?"

"ఎప్పుడు చెప్పను? కళ్ళు మూసుకోమంటావుగా."

దుకాణంలో గెరిట్ ట్రాక్టరు కొనడానికి వచ్చినవాడిచేత ఇంజను నడిపించేవాడు, నూనె కారుతోందేమో వంగి చూడమనేవాడు. పరాయివాళ్ళకి అంత నిజాయితీగా అమ్మిన మనిషి, కన్నకూతురిచేత కళ్ళు మూయించి బేరమాడాడు. పైగా దేవుణ్ణి మధ్యవర్తిగా కూర్చోబెట్టాడు.

మార్లా తిరిగొచ్చి కుర్చీ వెనక నిలబడింది. "ఇంకా ఎవరికీ ఇవ్వలేదట. వస్తానని చెప్పేశాను." తండ్రివైపు తిరిగి అడిగింది. "కూర్చోనా, వెళ్ళనా నాన్నా?"

"నాకు భయమేసిందే తల్లీ." అన్నాడు గెరిట్. "పోతే మళ్ళీ రావేమోనని."

"ఆ మాట నాతో అంటే వినేదాన్ని కదా! అందరి గురించీ దేవుడికి చెప్పావు. నీ గురించి నాకొక్క ముక్క చెప్పలేదు."

గెరిట్ కళ్ళు తుడుచుకున్నాడు. "కూర్చో. ప్రార్థన నువ్వే ముగించు."

ఆ బల్ల దగ్గర ఆడగొంతు ప్రార్థించడం అదే మొదలు. "ప్రభువా, నాన్నకి భయంగా ఉంది. నాకూ ఉంది. ఇద్దర్నీ చూసుకో." అంతే. ఆమెన్ ఆమె అనలేదు, తండ్రి కోసం ఆగింది. అతను అన్నాడు.

లెక్క చూస్తే కౌంటర్లో మనిషి పోయింది, పెద్దరికంలో కాస్త తరుగు పడింది. వచ్చింది ఒక్కటే: తనకూ భయమేనని కూతురు చెప్పిన మాట. ఇక ఆమె డెన్వర్ నుంచి ఫోన్ చేస్తే, ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.